అర్థశాస్త్రం మొదటి కోర్సు: సెలవుల్లో ఏం చదవాలి? అసలు చదవాలా?

తొలిమెట్టు:
సెలవులయ్యాక అర్థశాస్త్రం పరిచయ కోర్సులో చేరుతున్నాను. ఇప్పటిదాకా చదివింది లెక్కలూ సైన్సూ. ఒక సీనియర్ మామూలు పాఠకుల కోసం రాసిన అర్థశాస్త్ర పుస్తకాలు ఓ నాలుగు చదివి రమ్మంటున్నారు. ఇంకొకరు వాటి జోలికే పోవద్దు, గ్రాఫులు సాధన చెయ్యి చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

వాలురేఖ:
రెండో సీనియర్ మాట. ఆ పుస్తకాలు తీర్పు ముందే చెప్పేస్తాయి, దాని దగ్గరికి ఎలా వచ్చారో చాలావరకు చూపించవు. కనీస వేతనమే తీసుకోండి. పాఠ్యపుస్తకంలోని మొదటి బొమ్మ (డిమాండ్, సరఫరా రేఖలది) ప్రకారం, మార్కెట్లో కుదిరే వేతనం కంటే ఎక్కువగా కనీస వేతనం పెడితే ఉద్యోగాలు తగ్గాలి. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం దాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పోల్చి చూసి, ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు లేదని 1994లో రాశారు. 2000లో న్యూమార్క్, వాషర్ వేరే డేటాతో కాదన్నారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చినా వాదన తెగలేదు. సెలవుల్లో ఇందులో ఒక పక్షం పుస్తకం ఒక్కటే చదివితే, క్లాసులో అడుగుపెట్టేనాటికే మీరు వకీలైపోతారు.

పుస్తకాలపురుగు:
చూశారా, పుస్తకాలు వద్దని చెప్పడానికి మీకూ ఒక కథే కావాల్సి వచ్చింది! తొలిమెట్టు గారికి ఇప్పుడు ఆ బొమ్మ మీద ఆసక్తి పుట్టిందంటే అది న్యూజెర్సీ చలవే. నా సలహా: ఆడమ్ స్మిత్ 1776లో అచ్చువేసిన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' పుస్తకంలో మొదటి అధ్యాయం చదవండి. గుండుసూదుల కార్ఖానాలో పదిమంది పని పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయి. అలవాటు లేనివాడు ఒక్కడే మొదటినుంచి చివరిదాకా చేస్తే 20 కూడా కావు. లెక్కలేవీ అక్కర్లేదు, కొద్ది పేజీలే. పుస్తకం మొత్తం చదవమనడం లేదు. సాంతం చదివామనేవాళ్ళని నేను అంత తొందరగా నమ్మను కూడా.

వాలురేఖ:
ఆసక్తి లేక మార్కులు పోయేవాళ్ళు తక్కువండీ. బొమ్మ చదవడం రాకే పోతాయి. లెక్కలు బాగా వచ్చినవాళ్ళకి ఇంకో తంటా. ధరని బట్టి కొనే పరిమాణం మారుతుంది కదా, అలాంటప్పుడు ధర అడ్డ అక్షం మీద ఉండాలి. 1838లో ఫ్రెంచి ఆర్థికవేత్త కూర్నో అలాగే గీశాడు. 1890లో వచ్చిన ఇంగ్లండు ఆర్థికవేత్త మార్షల్ పుస్తకం ధరని నిలువు అక్షం మీద పెట్టింది, అదే స్థిరపడిపోయింది. ఈ సంగతి తెలియకపోతే మొదటి వారమంతా తలకిందులుగా ఉన్నట్టే ఉంటుంది. ఇక వాలు వేరు, వ్యాకోచత్వం (ధర ఒక శాతం మారితే కొనే పరిమాణం ఎన్ని శాతం మారుతుందన్నది) వేరు. కొనే పరిమాణం = 10 − ధర అనే సరళరేఖ గీసి చూడండి. వాలు అంతటా ఒకటే. ధర 8 దగ్గర వ్యాకోచత్వం 4, ధర 2 దగ్గర పావు. ఇది చేత్తో చేస్తేగానీ వంటపట్టదు.

దిద్దేవాడు:
మొదటి పరీక్ష పేపర్లు దిద్దే పని నాది. ఎక్కువమంది పడిపోయే గొయ్యి ఇది: "పన్ను వేస్తే ధర పెరుగుతుంది. ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుంది. డిమాండ్ తగ్గితే ధర తగ్గుతుంది. కాబట్టి పన్ను వేసినా ధర పెరగదు." చదువుతుంటే ఎక్కడా తట్టుకోదు. కానీ రెండో వాక్యంలో మనం డిమాండ్ రేఖ (ఏ ధరకి ఎంత కొంటారో చూపే గీత) మీదే ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిగాం. మూడో వాక్యానికి వచ్చేసరికి రేఖనే పట్టుకుని ఎడమకి లాగేశాం. దినపత్రికల్లో ధరల వార్తలు చదివినప్పుడల్లా జరిగింది రేఖా, రేఖ మీది చుక్కా అని అడుగుతూ పోతే సెలవుల చదువులో సగం అదే.

పోతే, ఆర్థికవేత్త రికార్డో 1817లో ఇచ్చిన లెక్క ఒకటి. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండులో 100 మంది ఏడాది పని కావాలి, కొంత ద్రాక్షసారాకి 120 మందిది. అదే సరుకుకి పోర్చుగల్‌లో బట్టకి 90, సారాకి 80. రెండూ పోర్చుగల్‌లోనే తక్కువ పనితో అవుతాయి. మరి ఇంగ్లండుతో వ్యాపారం దేనికి?

తొలిమెట్టు:
ప్రయత్నించాను. పోర్చుగల్ ఒక వంతు సారా చేయాలంటే 80/90, అంటే సుమారు 0.89 వంతు బట్ట వదులుకోవాలి. ఇంగ్లండు అయితే 1.2 వంతులు. సారా పోర్చుగల్‌కే చవక, బట్ట ఇంగ్లండుకే చవక. ఒక వంతు సారాకి ఒక వంతు బట్ట మార్చుకుంటే ఇద్దరికీ లాభమే. అయితే ఇంగ్లండులో సారా చేసే ఆ 120 మంది మాటేమిటి? మర్నాటికల్లా మగ్గం మీద కూర్చోలేరుగా?

పుస్తకాలపురుగు:
దీనికి ఆ లెక్కలో జవాబు లేదు. మనుషులు ఒక పనినుంచి ఇంకో పనికి ఖర్చు లేకుండా మారతారని ముందే అనేసుకున్నాడు రికార్డో. ఇక చదవండి, అడ్డుకునేవాళ్ళు లేరు.

వాలురేఖ:
లెక్క చేశాక చదవమంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ నాలుగొద్దు, ఒకటి చాలు. దాంతో విభేదించే పుస్తకం ఇంకొకటి.

దిద్దేవాడు:
దానికంటే ముందు ఆ పన్ను లెక్కకి బొమ్మ గీసి ఇక్కడ పెట్టండి. ఏ రేఖ జరిగిందో చూస్తాను.