రొయ్యలు కొనే అమెరికా పార్టీలకు అలవాటు పడ్డాం, ఇప్పుడు జపాన్, చైనా వాళ్లతో ఎట్టా?

ముత్తుకూరు కుర్రోడు:
నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎక్స్‌పోర్ట్ సైడు చూస్తా. ఇన్నాళ్లూ మాకు అమెరికా తప్ప వేరే లోకం తెలీదు. మెయిల్ పెడితే రేటు నచ్చిందో లేదో రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లు. 2025 ఆగస్టులో అక్కడి సుంకం 50 శాతానికి పోయినకాడి నుంచి మా ఓనరు గారు జపాన్, చైనా అని పట్టుబట్టినారు. జపాన్ వాళ్లతో వీడియో కాల్స్ అయినయ్. తలూపుతారు, అన్నీ రాసుకుంటారు, థాంక్స్ చెప్తారు. ఆర్డరు మాత్రం లేదు, వద్దనీ అనరు. ఏమనుకోవాలి? అనుభవం ఉన్నోళ్లు చెప్పండన్నా.

కావలి కోల్డ్‌స్టోరేజ్:
తొందరపడొద్దు తమ్ముడూ. కాల్‌లో కూర్చున్నోళ్లు అప్పటికప్పుడు మాటివ్వలేరు. ఆఫీసులో కింద నుంచి పై దాకా అందరూ సరే అనుకోవాలి. శాంపిల్ అడిగితే ఆశ ఉన్నట్టే, ఆపైన చిన్న ట్రయల్ ఆర్డరు. అది సక్రమంగా పోతే తర్వాత అంత తేలిగ్గా వదలరు.

అసలు సంగతి ఇంకోటుంది. రేటు చెప్పినాక వాళ్లు కాసేపు మాట్లాడరు. నేను ముందు పనిచేసిన చోట మేనేజరు గారికి ఆ మౌనం పడేది కాదు. అవతలాయన పెన్ను పట్టుకుని కాగితం చూస్తున్నాడు, అంతే. ఈయన ఉండబట్టలేక కిలోకి ఇరవై సెంట్లు తనంతట తనే తగ్గించినాడు. అవతలాయన మళ్లీ కాగితమే చూసినాడు. ఇంకో పది తగ్గింది! ఎవరూ అడగలేదు సామీ. ఆ టైములో మంచినీళ్లు తాగుతా కూర్చోండి.

చీమకుర్తి గెలాక్సీ:
మాది గ్రానైట్ రాయి. చైనా వాళ్లతోనే మా బతుకు. వాళ్లు నిశ్శబ్దంగా ఉండేవాళ్లు కాదులే. క్వారీకి వచ్చి బ్లాకు మీద నీళ్లు పోయించి, చుట్టూ తిరిగి పగుళ్లు చూసుకుంటారు. బంగారు చుక్కలు పలచగా ఉన్న వైపు వేలు పెట్టి చూపించి బేరం మొదలెడతారు. కొలతలో ఎన్ని సెంటీమీటర్లు వదలాలన్న దాని మీదే అరపూట గడుస్తుంది. కాంట్రాక్టు మీద సంతకమైనా, మార్కెట్ మారిందంటే మళ్లీ మాట్లాడదామంటారు. మోసం అనుకుని కోప్పడితే పని చెడుద్ది. ముందుగానే కాస్త జాగా పెట్టుకుని రేటు చెప్పడం మేలు. మెయిల్ పెడితే జవాబు రాదు, చైనా వాళ్లు వాడే మెసేజీ యాప్ వీచాట్ పెట్టుకోండి.

ఇందుకూరుపేట రైతు:
సంతకం తర్వాత బేరమా? దానికి చైనా దాకా ఎందుకు? చెరువు గట్టు మీద రేటు మాట్లాడుకుని, పట్టుబడి అయినాక కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రాలేదని తగ్గించేది మీ ప్లాంటోళ్లే గదా.

ముత్తుకూరు కుర్రోడు:
😄 అన్నా, దానికి వేరే థ్రెడ్ పెట్టు.

ఒంగోలు గిత్త:
ఈ కల్చరు మాటలు నాకు ఎక్కవబ్బా. ఎవడికైనా కావాల్సింది సరుకు, రేటు, పేపర్లు. ఎల్‌సీలో (డబ్బు ఇస్తామని బ్యాంకు రాసిచ్చే హామీ) రాసిన దానికి, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే రసీదు) ఉన్నదానికి ఒక్క మాట తేడా వస్తే బ్యాంకు డబ్బు ఆపేస్తది. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చినా ఒక చేత్తో ఇచ్చినా ఆపేస్తది.

కావలి కోల్డ్‌స్టోరేజ్:
నిజమే గానీ సగమే. 2012లో జపాన్ మన రొయ్యల్లో ఎథాక్సిక్విన్ పరీక్ష పెట్టింది. మేత పాడవకుండా కలిపేది అది. పరిమితి 0.01 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు), తర్వాత సడలించారు. అది కాగితం మీద ఉన్న రూలు, ఒప్పుకుంటా. మరి కార్టన్‌లో ఒక్క వెంట్రుక కనపడిందని మెయిల్ వస్తే? అమెరికా వాడైతే ఎంత తగ్గిస్తావని అడుగుతాడు. జపాన్ వాళ్లకి డిస్కౌంటు ఇస్తామంటే ఇంకా అనుమానం. ఏ షిఫ్టులో జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం మార్చారు, ఫొటోలతో రిపోర్టు కావాలి. "చిన్న విషయం సార్" అని రాస్తే ఆ పార్టీ పోయినట్టే.

కార్డు సంగతికొస్తే, రెండు చేతులతో తీసుకుని చదివి ఎదురుగా బల్ల మీద పెట్టుకోండి. వెనక జేబులోకి తోసెయ్యొద్దు. దీనికి ఖర్చేముంది గిత్తా?

నెల్లూరు మెస్సు:
భోజనం గురించి ఎవరూ చెప్పలేదే! బయ్యర్లొస్తే చాలా ప్లాంట్లవాళ్లు మా దగ్గరికే తెస్తారు. ఒకసారి జపాన్ పెద్దాయన వచ్చినాడు. ఆకులో మిగల్చడం వాళ్లకి మర్యాద కాదంట, పెట్టిందల్లా తినేస్తున్నాడు. మనోళ్లు ఆకు ఖాళీ కాగానే ఇంకో గరిటె చేపల పులుసు, ఇంకో హస్తం అన్నం. ఆయన మొహమంతా చెమట, చొక్కా తడిసిపోయింది, అయినా వద్దనడు. ఆఖరికి నేనే మా సర్వరును పక్కకు పిలిచి ఆపించినా. చైనా వాళ్లతో ఈ తిప్పలు లేవు, కొంచెం మిగిల్చి చాలంటారు.

బహుమతులకి ఉదయగిరి చెక్క గరిటెలు బాగుంటాయి. నాలుగు మాత్రం పెట్టొద్దు, ఆ అంకె ఇద్దరికీ గిట్టదు. గోడ గడియారం చైనా వాళ్లకి అస్సలొద్దు.

చీమకుర్తి గెలాక్సీ:
క్యాలెండర్ కూడా చూసుకోండి. ఇటలీ పార్టీలకి ఆగస్టులో ఫోన్ చేసి లాభం లేదు, సగం దేశం సెలవులో ఉంటది. సెప్టెంబరులో వెరోనాలో జరిగే రాళ్ల ఫెయిర్‌కే దొరుకుతారు. చైనాలో వసంత పండగకి పనోళ్లంతా ఊళ్లకెళ్తారు, ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతే. 2026లో అది ఫిబ్రవరి 17. దానికి ముందు సరుకు దిగాలని తొందరపెడతారు, తర్వాత చప్పుడుండదు.

ముత్తుకూరు కుర్రోడు:
అన్నా, మాకూ జనవరిలోనే పంపమని ఒక చైనా పార్టీ తొందరపెడతా ఉంది. సంక్రాంతికి మా ప్లాంటులో తొక్క తీసే ఆడోళ్లు సగం మంది రారు, ఎట్టా?

కావలి కోల్డ్‌స్టోరేజ్:
ఆ సంగతి ఇప్పుడే చెప్పెయ్. పండగలకి ఊరెళ్లడమంటే వాళ్లకి మనం విడమరిచి చెప్పక్కర్లేదు. డిసెంబరు సరుకులోంచి తలతో ఉన్నవి పక్కన పెట్టుకో, చైనాకి అవే ఎక్కువ పోతాయి, తొక్క తీసే పనీ ఉండదు.