బోర్డో, రైమ్స్, డిజోన్: అమ్మతో కలిసి మూడు రాత్రులకు ఏ ఊరు మేలు?

ప్రశ్న

వచ్చే అక్టోబరు రెండో వారంలో నేనూ, మావారూ, మా అమ్మా పారిస్‌లో పని ముగించుకుని, ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపొందిన ఏదైనా ప్రాంతంలో మూడు రాత్రులు గడపాలని అనుకుంటున్నాము. మావారికి వైన్ తాగడం కన్నా దాని గురించి తెలుసుకోవడం ఎక్కువ ఇష్టం. పక్కపక్కనే ఉన్న రెండు తోటల వైన్ రుచిలో అంత తేడా ఎందుకు ఉంటుందో చదువుతూ కూర్చుంటే ఆయనకు పూటలు గడిచిపోతాయి. అమ్మకు 68 ఏళ్లు. ఆవిడ మద్యం ముట్టరు, మాంసం తినరు. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కువగా ఎక్కలేరు కానీ, చదునైన దారిలో నెమ్మదిగా గంటసేపు నడవగలరు. పాత కట్టడాలన్నా, శిల్పాలన్నా, సంతలన్నా ఆవిడకు ప్రాణం. మాలో ఎవరమూ అక్కడ కారు నడపము.

బోర్డో, రైమ్స్, డిజోన్ ఈ మూడింటి దగ్గర ఆగిపోయాము. మావారు వేసిన లెక్క ప్రకారం ఆదివారం బయలుదేరి బుధవారం తిరిగి రావాలి, వైన్ నిల్వ చేసి రుచి చూపించే నేలమాళిగలు రోజుకు మూడు చూడాలి. ఆయన లోపల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటే, అమ్మ బయట బెంచీ మీద కూర్చుని మా కోసం ఎదురుచూడవలసి వస్తుందేమోనని నా భయం. ఇద్దరికీ తృప్తి కలిగే ఊరు ఏదో, అక్కడ రోజులను ఎలా పంచుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (డిజోన్‌లో రెండేళ్లు చదువుకున్న సభ్యురాలు)

మీరు చెప్పిన వివరాలను బట్టి నేను తడుముకోకుండా డిజోన్ పేరే చెబుతాను. వైన్ తాగని మనిషికి కూడా రెండు రోజులు చాలనంత ఊరు అది. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి వేగపు రైలులో గంటా ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం. దిగిన తరువాత పాత ఊరి నడిబొడ్డుకు పది నిమిషాలు నడిస్తే చాలు. ట్రామ్ కూడా ఉంది. పాత ఊరిలో చాలా వీధుల్లోకి కార్లు రావు, దారులు చాలావరకు చదునుగా ఉంటాయి.

అయితే ముందుగా మార్చుకోవలసింది రోజులను. ఆదివారం, సోమవారం అక్కడ చాలా దుకాణాలు, భోజనశాలలు మూసి ఉంటాయి. మంగళవారం లలితకళల మ్యూజియానికి సెలవు. నేను చేరిన కొత్తలో మా అమ్మానాన్నలు వస్తే, ఒక సోమవారం మధ్యాహ్నం భోజనం కోసం వాళ్లను వీధి తరువాత వీధి తిప్పాను. ఎక్కడ చూసినా తలుపులు మూసే ఉన్నాయి. చివరికి రైల్వే స్టేషన్‌లో రొట్టెలు కొనుక్కుని తిన్నాము. ఆ రోజు నాన్నగారు ఏమీ అనలేదు కానీ, ముందే తెలుసుకోకపోవడం నా తప్పేనని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు గురువారం వెళ్లి ఆదివారం తిరిగి వచ్చేలా చూసుకోండి.

గురువారం మధ్యాహ్నానికి చేరితే, సామాన్లు పెట్టేసి డిజోన్ ఉన్న బర్గండీ ప్రాంతాన్ని ఒకప్పుడు ఏలిన డ్యూకుల ప్రాసాదంలో ఉన్న లలితకళల మ్యూజియానికి వెళ్లండి. శాశ్వత ప్రదర్శనకు ప్రవేశ రుసుము లేదు. ఫిలిప్ ద బోల్డ్, ఆయన కుమారుడు జాన్ ద ఫియర్‌లెస్ సమాధులు అక్కడే ఉన్నాయి. సమాధుల మీద పడుకున్న డ్యూకుల కన్నా, కింద చుట్టూ వరుసగా నడుస్తున్న శోకమూర్తులను అమ్మగారికి తప్పక చూపించండి. పాలరాయి వంటి తెల్లని రాతిలో చెక్కిన ఆ బొమ్మలు మూరెడు ఎత్తుకు మించవు. ఒకరు ముసుగును ముఖం మీదికి లాక్కుంటే, ఇంకొకరు అంగీ అంచుతో కళ్లు తుడుచుకుంటారు, మరొకరు పుస్తకం చదువుకుంటూ వెళుతుంటారు. వంగి, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ సమాధి చుట్టూ నడిస్తే అరగంట ఇట్టే గడిచిపోతుంది. మీవారికి కూడా అక్కడ ఒక సంగతి దొరుకుతుంది: 1395లో గామే ద్రాక్షను పీకివేయమని ఆజ్ఞ ఇచ్చి, బర్గండీ ఎర్ర వైన్‌ను పినో న్వార్ అనే ద్రాక్ష వైపు మళ్లించినది ఈ ఫిలిప్ ద బోల్డే.

శుక్రవారం ఉదయం సంత. ఇనుముతో కట్టిన ఆ పెద్ద సంతశాల మంగళ, గురు, శుక్ర, శనివారాలలో ఉదయం పూట నడుస్తుంది. అక్కడి నుంచి కొద్ది అడుగుల్లో నోత్ర్ దామ్ చర్చి. దాని ఉత్తరపు గోడ మూలలో ఒక చిన్న గుడ్లగూబ శిల్పం ఉంది. ఎడమ చేత్తో తాకి కోరిక కోరుకుంటే నెరవేరుతుందని అక్కడివారి నమ్మకం. తరతరాల చేతులు తగిలి దానికి కళ్లూ ముక్కూ అరిగిపోయి, రాయి నున్నగా సబ్బుముక్కలా తయారైంది. డ్యూకుల ప్రాసాదంలోని ఫిలిప్ ల బోన్ బురుజు మీది నుంచి ఊరంతా కనిపిస్తుంది కానీ 316 మెట్లు ఉన్నాయి కాబట్టి అది మీవారికి వదిలేయండి.

మాంసం లేని భోజనం గురించి ఒక మాట. ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకాలలో ఎక్కువ మాంసంతోనో, వైన్‌తోనో చేసినవే. గుడ్లను సైతం ఎర్ర వైన్ పులుసులో ఉడికిస్తారు. ఎపోయిస్ అనే జున్ను పైపొరను ద్రాక్షపిప్పితో తీసిన సారాయితో కడుగుతారు కాబట్టి అమ్మగారు ఆ పట్టింపు ఉన్నవారైతే ముందే తెలియడం మంచిది. గుజేర్ అనే జున్ను బూరెలు, మసాలా దినుసులు, తేనె వేసి చేసే రొట్టె నిశ్చింతగా తినవచ్చు. జున్ను బూరెలను వేడిగా ఉండగానే అడిగి తినండి.

రెండో జవాబు

పై సభ్యురాలి సలహాతో నేను ఏకీభవిస్తున్నాను కానీ, మిగిలిన రెండు ఊళ్లను ఎందుకు పక్కన పెడుతున్నారో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

రైమ్స్ పారిస్‌కు అన్నిటికన్నా దగ్గర; గార్ ద లెస్త్ స్టేషన్ నుంచి ముప్పావు గంట. ఫ్రాన్స్ రాజులకు పట్టాభిషేకాలు జరిగిన కెథడ్రల్, దాని ద్వారం పక్కన నవ్వుతున్న దేవదూత, లోపల 1974లో అమర్చిన, చిత్రకారుడు షగాల్ గీసిన రంగుటద్దాలు అమ్మగారికి ఎంతో నచ్చుతాయి. కానీ మీవారు చూడాలనుకునేది భూమి కింద ఉంది. అక్కడి సుద్దరాతి గుహలు పూర్వం రోమన్ల కాలంలో రాయి తవ్వుకున్న గోతులు. షాంపేన్ తయారుచేసే పొమ్మెరీ సంస్థ నేలమాళిగకు దిగాలంటే 116 మెట్లు, మళ్లీ ఎక్కాలంటే అవే మెట్లు. లోపల ఏడాది పొడవునా పది డిగ్రీల చలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆ రెండూ కలిస్తే కష్టం.

బోర్డో నగరం అందమైనదే. నది ఒడ్డున చదునైన దారి, 2006లో కట్టిన నీటి అద్దం (ఎదుటి కట్టడాలు ప్రతిబింబించే పలుచని నీటి పొర), 2016లో తెరిచిన సితే ద్యు వాన్ అనే వైన్ ప్రదర్శనశాల అన్నీ ట్రామ్‌తోనే చూడవచ్చు. చిక్కు ఊరు దాటాక మొదలవుతుంది. మెదోక్ ప్రాంతపు పెద్ద ఎస్టేట్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, కారు లేనిదే తిరగడం కష్టం. వైన్‌కు పేరున్న సాంతెమిలియోన్ అనే పాత ఊరికి రైలు ఉన్నా, స్టేషన్ నుంచి ఊరు కిలోమీటరుకు పైగా ఉంటుంది. ఊళ్లో గుండ్రాళ్లు పరిచిన వీధులు నిటారుగా దిగుతాయి. నేను అక్కడ చేతికర్రతో దిగుతున్న ఒక పెద్దాయనకు చెయ్యి ఆసరా ఇచ్చి దింపాను. మీ అమ్మగారి గురించి చదవగానే ఆయనే గుర్తుకు వచ్చారు.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. రోజులను గురువారం నుంచి ఆదివారానికి మార్చుకున్నాము, డిజోన్ ఖాయం. శనివారం డిజోన్‌కు దగ్గర్లో వైన్‌కు పేరుపొందిన బోన్ పట్టణానికి వెళ్లాలని మావారి కోరిక. అయితే ఆయన రోజుకు మూడు నేలమాళిగల లెక్కను ఇంకా వదలలేదు. అది సాధ్యమేనా? అమ్మను తోటల మధ్యకు తీసుకువెళ్లే వీలు ఉందా?

మూడో జవాబు (బోన్ సమీపంలో రెండు సార్లు ద్రాక్షకోతకు వెళ్లి, ఇప్పుడు వైన్ పరిచారకుడిగా పనిచేస్తున్న సభ్యుడు)

రోజుకు మూడు వద్దు. ఈ మూడు రోజులకూ కలిపి రెండు చాలు. ఒక చోట ఆరేడు రకాలు పోస్తారు. ప్రతిదీ రెండు గుక్కలే అయినా, మూడో చోటికి వెళ్లేసరికి నాలుక మొద్దుబారి, ఏది ఏ తోటదో తెలియని స్థితి వస్తుంది. తెలుసుకోవాలని వెళ్లేవారికి అంతకన్నా నష్టం లేదు. నోట్లో తిప్పుకుని ఉమ్మివేయడానికి పాత్ర పెడతారు. దానిని వాడడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, మేమందరం వాడతాము. చాలా నేలమాళిగలలో ఎర్ర వైన్ ముందు పోసి తెల్ల వైన్ తరువాత పోస్తారు. మామూలుగా తెల్లదే ముందు పోస్తారు కాబట్టి, క్రమం తప్పిందని ఆయన అనుకోకూడదని చెబుతున్నాను. కొందరు ఈ ఊళ్ల మధ్య అద్దె సైకిళ్ల మీద తిరుగుతారు. కానీ ఫ్రాన్స్‌లో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం అనే హద్దు కార్లకే కాక సైకిళ్లకూ వర్తిస్తుంది.

చిన్న కుటుంబాల తోటలకు ముందుగా అనుమతి లేకుండా వెళ్లకండి. ఎంతమంది, ఏ రోజు, ఏ భాష అన్నవి నాలుగు వాక్యాలలో కొన్ని వారాల ముందే మెయిల్ చేయండి, ఒకరు తాగరని కూడా రాయండి. అక్టోబరు నాటికి కోత సాధారణంగా అయిపోయి ఉంటుంది గానీ, కొత్త వైన్ పని ఇంకా సాగుతూనే ఉంటుంది, కాబట్టి కొందరు రావద్దని జవాబు ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు భోజన విరామం. బోన్ పట్టణం లోపల పెద్ద వ్యాపార సంస్థల నేలమాళిగలు నడకదూరంలోనే ఉన్నాయి. శనివారానికి వాటిలో ఒకటి చాలు.

ఇక తోటల సంగతి. శుక్రవారం మధ్యాహ్నం డిజోన్ నుంచి చిన్న వ్యానులో సగం రోజు యాత్ర మాట్లాడుకోండి. గ్రామాల మీదుగా బస్సు ఉన్నా, దిగి ఎక్కడం అమ్మగారికి శ్రమ. వ్యాను నడిపేవారిని జెవ్రే-షాంబెర్తాన్, వూజో, వోన్-రొమానే ఈ మూడు గ్రామాలకే పరిమితం కమ్మని అడగండి. తూర్పుకు తిరిగిన ఒకే వాలు మీద ఇవన్నీ ఉన్నాయి. వాలు పైభాగంలో మట్టి పలచన, రాళ్లు తేలి కనిపిస్తాయి. కింద రహదారి దగ్గర మట్టి లోతుగా, జిగటగా ఉంటుంది. నడుమ భాగంలో సున్నపురాయీ బంకమట్టీ సరిపాళ్లలో కలిసి, నీరు నిలవక, పొద్దుటి ఎండ బాగా పడుతుంది. గొప్ప పేరున్న తోటలు చాలావరకు ఆ నడుమ పట్టీలోనే ఉన్నాయి. మీవారిని ఒకసారి కింద, ఒకసారి మధ్యలో దారి పక్కన వంగి మట్టిని చేతిలోకి తీసుకుని చూడమనండి. కోత రోజుల్లో నా చెప్పులకు కింది వరుసల్లో ముద్దలు ముద్దలుగా అంటిన మట్టి, వంద గజాలు పైకి వెళితే పొడిపొడిగా రాలిపోయేది. ఆయన చదివినదంతా ఆ పిడికిట్లో ఉంటుంది. ఇలా హద్దులు గీసిన తోటలను అక్కడ క్లిమా అంటారు. 1,247 క్లిమాలను 2015లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది.

వోన్-రొమానేలోని ప్రసిద్ధ రొమానే-కోంతి తోట మొత్తం దాదాపు నాలుగున్నర ఎకరాలే. దారి పక్కన రాతి శిలువ దగ్గర నిలబడి చూడవచ్చు, లోపల అడుగు పెట్టకూడదు. వూజోలో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టిన గోడ లోపల యాభై హెక్టార్ల తోట ఉంది. అంతా ఒకే పేరుతో ఉన్నా, దాదాపు ఎనభై మంది యజమానులు పంచుకున్నారు, కాబట్టి సీసా మీద తోట పేరు కన్నా తయారుచేసినవారి పేరు చూడడం అవసరం. ఆ తోట గోడ లోపలి పాత కట్టడంలో ఇంటిదూలాల కన్నా లావైన దుంగలతో చేసిన ద్రాక్షగానుగలు ఉన్నాయి. వాటిని మెట్లు ఎక్కనక్కరలేకుండా చూడవచ్చు.

బోన్‌లో ఓటెల్-డ్యూ మాత్రం ముగ్గురూ కలిసి చూడండి. బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా (ప్రధాన మంత్రి వంటి పదవిలో) ఉన్న నికొలా రొలాన్, ఆయన భార్య గిగోన్ కలిసి పేదల కోసం 1443లో స్థాపించిన ఆసుపత్రి అది. రంగు పెంకుల పైకప్పు ఫొటోలలో అందరూ చూసి ఉంటారు. లోపల పెద్ద హాలులో రెండు వైపులా ఎర్ర తెరల మంచాలు, చివర పూజామందిరం. రోగులు మంచం మీద నుంచే ప్రార్థన వినడానికి అలా కట్టారు. నేల పలకల మీద రొలాన్ తన భార్యను ఉద్దేశించి వేయించిన ఒక మాట, దాని పక్కన నక్షత్రం కనిపిస్తాయి. ఆ మాటకు అర్థం 'ఒక్కతే'. రోజియర్ వాన్ డెర్ వైడెన్ చిత్రించిన అంతిమ తీర్పు పలకలు కూడా అక్కడే ఉన్నాయి. దాతలు ఇచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి ఏటా వేలం వేసి, ఆ డబ్బును ఆసుపత్రికి వాడుతున్నారు. ఆ వేలం నవంబరు మూడో ఆదివారం జరుగుతుంది, ఆ వారంలో గది దొరకడం చాలా కష్టం. మీరు అక్టోబరులో వెళుతున్నారు కాబట్టి ఆ బాధ లేదు.

ప్రశ్న అడిగినవారు

మీ జవాబు మావారికి చదివి వినిపించాను. రెండు నేలమాళిగలకు ఒప్పుకున్నారు. మట్టి చూడాలన్న ఉత్సాహం ఇప్పుడు ఆయనకే ఎక్కువైంది. ఆయన నేలమాళిగలో ఉండే గంటన్నర సేపు అమ్మను నేను బోన్ శనివారపు సంతలో తిప్పుతాను. చివరిగా ఒక చిన్న సందేహం: బోన్‌కు వెళ్లే రైలుకు ముందుగా సీటు తీసుకోవాలా?

మొదటి జవాబు ఇచ్చిన సభ్యురాలు

అక్కరలేదు, అది ప్రాంతీయ రైలు. టికెట్ ఉంటే దొరికిన చోట కూర్చోవచ్చు. 20 నుంచి 30 నిమిషాల ప్రయాణం. డిజోన్‌లో కొంచెం ముందుగా ఎక్కి, రైలు వెళ్లే దిక్కుకు కుడి వైపు కిటికీ పక్కన అమ్మగారిని కూర్చోబెట్టండి. తోటల వాలు మొత్తం ఆ వైపే ఉంటుంది. ఉదయం రైలు అయితే ఎండ నేరుగా దాని మీదే పడుతుంది, ఆ నెలలో ఆకులన్నీ పసుపు పట్టి ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు.