గొలుసు దొంగల బండి నంబరు సగం గుర్తుంది, ఇప్పుడు చెబితే పనికొస్తుందా?

మాది విజయనగరం. మేనకోడలికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే, హాస్టల్లో దింపడానికి కిందటి నెల వెళ్లాను. రాత్రి ఎనిమిదిన్నరకి అమీర్‌పేటలో బస్సు కోసం నిలబడ్డాం. బండి మీద ఇద్దరు వచ్చి, పక్కనే ఉన్న ఒకావిడ మెడలో గొలుసు లాక్కుపోయారు. ఆవిడ కింద పడిపోయింది. చుట్టూ పాతికమందిమి ఉంటాం. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు, అదే నిద్ర పట్టనివ్వట్లేదు. చివరికి ఆవిడని లేపి నీళ్లిచ్చింది మా పిల్లే.

"ఇదే మన గంటస్తంభం దగ్గరైతే వదిలేవారా మావయ్యా?" అంది. వదలరనే అన్నాను. కానీ మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒకడు పెళ్లాన్ని కొడుతుంటే అందరం టీ తాగుతూ చూసిన రోజు గుర్తొచ్చి, ఆపైన మాట రాలేదు.

బండి నంబరులో చివరి నాలుగు అంకెలు గుర్తున్నాయి. అప్పుడే 112కి ఫోన్ చేయాల్సింది, తోచలేదు. ఇప్పుడు ఇక్కడి స్టేషన్‌లో చెప్పొచ్చా, అక్కడికే వెళ్లాలా? నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాస్తారని తెలుసు, కానీ సొమ్ము పోయింది నాది కాదు కదా. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి, రోడ్డు ప్రమాద బాధితులకి సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చారు. దొంగతనం చూసినవాళ్లకి అలాంటిదేమైనా ఉందా? సాక్షిగా పిలిస్తే, కోర్టులో వాయిదా పడ్డప్పుడల్లా హైదరాబాద్‌కి రాత్రంతా రైల్లో వెళ్లాలేమోనని మా ఆవిడ టెన్షన్.

కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకేం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి. మా పిల్ల రోజూ రాత్రి అదే బస్టాప్‌లో దిగుతుంది.