బండి షోరూంకా, షెడ్డుకా? శ్రీకాకుళం వాళ్ళు చెప్పండి

ఏడురోడ్ల కుర్రాడు:
మాది 2018 పెట్రోల్ బండి, వారంటీ ఎప్పుడో అయిపోయింది. గోతిలో పడినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటోంది. షోరూంలో అడిగితే ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చాలి, 14,000 అవుతుందన్నారు. నాన్నేమో పాలకొండ రోడ్డులో తెలిసిన మేస్త్రీకి చూపించరా అంటున్నారు. ఆయన దగ్గర ఒక జాకీ, పానాల డబ్బా తప్ప ఏమీ కనపడలేదు. ఎవరిని నమ్మాలి?

నరసన్నపేట బావ:
షోరూమే. డబ్బులు ఎక్కువే, కాదనను, కానీ బిల్లుంటుంది, రేపు తేడా వస్తే నిలదీయడానికి ఒక మనిషుంటాడు. మా వాడిది బీఎస్6 డీజిల్, అదే 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న రకం. ఇంటికీ కొట్టుకీ మధ్యే తిప్పుతాడు. డీపీఎఫ్ లైటు వెలిగింది. పొగలో మసిని పట్టే జల్లెడ అది, టౌన్లో రెండేసి కిలోమీటర్లు తిరిగితే వేడెక్కదు, మసి కాలక పేరుకుపోతుంది. మొదట్లోనే హైవే ఎక్కి అరగంట ఆపకుండా తోలుంటే చాలావరకు పోయేదే. షెడ్డువాడికి బండి కంప్యూటర్లో తప్పేంటో చదివి చెప్పే స్కానర్ లేదు, సెన్సార్ పోయిందని ఊహించి కొత్తది వేసేశాడు. లైటు అలాగే ఉంది.

ఆమదాలవలస అంకుల్:
ఒప్పుకుంటా తమ్ముడూ, స్కానర్ లేనివాడు అలాంటి లైటు జోలికి పోకూడదు. కానీ ఈ అబ్బాయి అడిగింది గోతిలో టకటక గురించి కదా. నాకూ ఇదే సౌండు వచ్చింది. ఓ పెద్ద సర్వీస్ సెంటర్లో, పేరెందుకులెండి, బండి లిఫ్టు ఎక్కించకుండానే ఎస్టిమేట్ రాసిచ్చేశారు. మా మేస్త్రీ అయితే పదండి ఓ రౌండు పోదాం అని నా పక్కన కూచుని, అద్దం దించి, చెవి బయటపెట్టి విన్నాడు. వచ్చి చక్రం వెనక చెయ్యి దూర్చి లింక్ రాడ్, అదే సస్పెన్షన్లో ఉండే చిన్న కడ్డీ, పట్టుకుని ఊపితే టక్కుటక్కుమంది. షాకబ్జార్బర్ని వేలితో రాసి, లీకుంటే ఇక్కడ నూనెకి దుమ్మంటుకుని నల్లగా ఉండాలి సార్, చూడండి పొడిగా ఉంది అన్నాడు. రెండు పక్కలా లింక్ రాడ్లు, కూలీతో కలిపి రెండు వేల లోపే తేలింది.

అలాగని షెడ్డువాళ్ళంతా సత్యహరిశ్చంద్రులని కాదు. ఇంకొకడు బ్రేకు ప్యాడ్లు కంపెనీవే అన్నాడు, డబ్బా ఏదయ్యా అంటే పారేశానన్నాడు. అప్పట్నుంచి సామాను నేనే కొంటా, పాతది నా చేతికిమ్మంటా. దానికి మొహం మాడ్చినవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళను, షోరూమైనా సరే.

నరసన్నపేట బావ:
సామాను మనం తెస్తే పనికి గ్యారంటీ ఇవ్వరు అంకుల్, అదీ చెప్పండి. మీరు తెచ్చిందే బాగోలేదనేస్తారు.

ఆమదాలవలస అంకుల్:
అంటారు, నిజమే. అందుకే ఏ కంపెనీది తేవాలో ఆయన చేతే చీటీ రాయించుకుంటా.

ఏడురోడ్ల కుర్రాడు:
సరే, రేపు పొద్దున్న మేస్త్రీని బండెక్కించి డే అండ్ నైట్ జంక్షన్ వైపు తిప్పుతాను. గోతుల కోసం వెతుక్కోవక్కర్లేదు కదా.