వదిలేసి వెళ్లిన కుక్క మీద ఓనర్‌కి ఇంకా హక్కు ఉంటుందా?

మాది విశాఖ, మురళీనగర్. పక్క వాటాలో అద్దెకున్నాయన ఎండాకాలంలో ఇల్లు ఖాళీ చేస్తూ తన లాబ్రడార్‌ని మేడ మీద కట్టేసి వెళ్లిపోయారు. తిండి లేదు, నీళ్లూ లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పటినుంచి మా అమ్మే సాకుతోంది, డాక్టర్ ఖర్చులూ మావే. ఇప్పుడాయన వచ్చి "డబ్బు పెట్టి కొన్నాను, రసీదుంది, నాది నాకిచ్చేయండి" అంటున్నారు. గాజువాకలో ఎవరికో అమ్మేస్తారట!

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం నేరమే. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు, జంతువులకూ గౌరవంగా బతికే హక్కుందంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనమేమో, వాటికి ప్రాథమిక హక్కులున్నాయని చెప్పిన పాత తీర్పేదీ లేదంది. అంటే చివరికి ఆస్తి కిందే లెక్కా? బైక్ వదిలేసి పోయినా ఓనర్‌దే అంటారు, సరే. బైక్‌కి ఆకలి వేయదు కదండీ.

ఫొటోలు, వెటర్నరీ బిల్లులు ఉన్నాయి. వాటితో కుక్కని మా దగ్గరే ఉంచుకోవచ్చా? ఆయన దొంగతనం కేసు పెడితే నిలుస్తుందా? ముందు మేమే స్టేషన్‌కి వెళ్లాలా, లాయర్ నోటీసు ఇప్పించాలా? ఇలాంటి గొడవ పడ్డవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి. ఆదివారం మళ్లీ వస్తానన్నారు, అమ్మకి ఒకటే టెన్షన్.