మనుషులు పెరిగినా కొత్తది పుట్టడం లేదు

ప్రశ్న (నల్లగొండ):
మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆరుగురమే ఉన్న రోజుల్లో, వడ్లు దిగే సీజనులో మాలో ఒకరు రాత్రంతా వేబ్రిడ్జి దగ్గరే కూర్చుని, తేమ 17 శాతం దాటిందని లారీని పక్కన పెట్టించినప్పుడు డ్రైవరుకూ గుమస్తాకూ ఏ అంకె మీద పేచీ వస్తుందో చూసి, తెల్లవారేసరికి ఆ స్క్రీనును మార్చేసేవారు. ఇప్పుడు నలభై మందిమి. అదే మార్పుకు ఫారం నింపి, ఇద్దరు మేనేజర్ల అనుమతి తీసుకునేసరికి సీజనే అయిపోతున్నది. పెద్ద కంపెనీలు ఈ చిక్కును ఎలా దాటాయి?

జవాబు (మహబూబ్‌నగర్):
అమెరికాకు చెందిన 3ఎం కంపెనీలో ఉద్యోగులు 15 శాతం పనివేళను సొంత ఆలోచనలకు వాడుకోవచ్చు. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ శాతం కాదు, ఆ ఓపిక. స్పెన్సర్ సిల్వర్ 1968లో తయారుచేసిన, గట్టిగా అంటుకోని జిగురుకు 1974లో ఆర్ట్ ఫ్రై ఒక ఉపయోగం కనిపెట్టగా, అది అంటించి మళ్లీ తీసేయగల పోస్ట్-ఇట్ కాగితాలుగా అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో.

జవాబు (దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్):
ఓపిక ఒక్కటే చాలదండీ. కొడాక్‌లో స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా చేసి చూపించినా, ఫిల్ము అమ్మకాల మీద బతికే సంస్థ దానికి పెద్దపీట వేయలేదు. 2012లో దివాలా రక్షణ కోరింది. ఐబీఎం మాత్రం పర్సనల్ కంప్యూటర్ పనిని ప్రధాన కార్యాలయానికి దూరంగా ఫ్లోరిడాలోని చిన్న బృందానికి అప్పగించి, ప్రాసెసరును ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమును మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకోనిచ్చింది. సుమారు ఏడాదిలో, 1981 ఆగస్టులో, అది మార్కెట్లోకి వచ్చింది. మీరు కూడా నలుగురిని విడిగా కూర్చోబెట్టి, నేరుగా మీకే జవాబుదారీ చేయండి. ఈ ఏడాది ఆదాయంతో మాత్రం వారిని కొలవకండి.

జవాబు (ఆలేరు):
విడిగా కూర్చోబెట్టడం సరే, ఎక్కడ కూర్చోబెడతారు? మా ప్రాంతపు చింతకింది మల్లేశం గారు, ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టే) తల్లి భుజం నొప్పిని ఇంట్లోనే చూశారు కనుకనే 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేయగలిగారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ నలభై మందిలో వేబ్రిడ్జిని కళ్లారా చూసినవారు ఎందరు?

ప్రశ్న అడిగినవారు:
లెక్కపెట్టాను, తొమ్మిది మంది. యాసంగి వడ్లు వచ్చేనాటికి నలుగురిని మిల్లులోనే ఉంచుతాను. ఆ నెలన్నర ఇక్కడి ఫిర్యాదులు ఎవరు చూస్తారన్నదే ఇంకా తేలలేదు.