డబ్బా తలకిందులు చేస్తే స్టవ్ మంట ఎగిసిపడుతోంది, ఏం చెయ్యాలి?

బ్రాడీపేట, గుంటూరు (డెన్వర్ వచ్చి రెండు నెలలు):
అన్నలకి, అక్కలకి నమస్తే. డబ్బాకీ బర్నరుకీ మధ్య పైపు ఉండే క్యాంపింగ్ స్టవ్ కొన్నాను, చలిలో గ్యాస్ డబ్బా తిరగేసి వాడుకోవచ్చన్నారు. మొన్న కొండ మీద తిరగేస్తే టపటపా కొట్టుకుంటూ పసుపుపచ్చ మంట మూరెడు లేచింది, చేతి మీద వెంట్రుకలు కాలాయి. నిలబెడితే బానే వెలుగుద్ది కానీ పది నిమిషాలకి నీరసపడిపోతోంది. వాపస్ ఇచ్చేయమంటారా?

పటమట, బెజవాడ:
తమ్ముడూ, ముందు అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం వెలిగించకు. నేనొచ్చిన మొదటేడు ఇంట్లో వాసన పట్టేస్తుందని బాల్కనీలో చిన్న స్టవ్ పెట్టి పెసరట్లు పోశాను, ఎవరో ఫోటో తీసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకి పంపారు, తెల్లారేసరికి తలుపుకి నోటీసు, ఖాళీ చేసేటప్పుడు రెయిలింగ్ మీద మసి అని డిపాజిట్లో రెండొందల డాలర్లు కోసేశారు, ఆ మసి నేను దిగకముందు నుంచీ ఉంది! దిగిన రోజే మూలమూలా ఫోటోలు తీసి వాళ్ళకి మెయిల్ కొట్టు. చెక్క బాల్కనీకి పదడుగుల లోపు మంట పెట్టకూడదు, అమెరికా అంతా ఇదే రూలు.

సత్యనారాయణపురం:
అంతా కాదన్నా. ఫైర్ కోడ్‌లో పదడుగులు ఉన్నమాట నిజమే, పౌను గ్యాస్ పట్టే చిన్న డబ్బాలకి అందులోనే మినహాయింపు కూడా ఉంది. ఏ ఊరికి ఆ ఊరు మార్చుకుంటుంది.

పటమట:
లీజులో వద్దని రాశాక కోడ్ ఏం చేస్తుంది?

అరండల్‌పేట అక్క:
మీరిద్దరూ కాస్త ఆగండి, అబ్బాయి అడిగింది బాల్కనీ గురించి కాదు. బాబూ, నీ స్టవ్ పాడవలేదు. పంపు స్టవ్వు చూశావా ఎప్పుడైనా? మా అమ్మమ్మ బర్నరు కింద గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి, బర్నరు బాగా కాగాకే పంపు కొట్టేది, తొందరపడితే కిరసనాయిలు అట్లాగే చిమ్మి మంట పైకి లేచేది. నీదీ అదే. తిరగేస్తే డబ్బాలోంచి గ్యాస్ కాదు, ద్రవం వస్తుంది, మంటలోంచి వెళ్ళే సన్న గొట్టం కాగి ఉంటేనే అది గ్యాసవుతుంది. ఆ గొట్టం లేని స్టవ్ అయితే ఎప్పటికీ తిరగేయొద్దు. ఉంటే డబ్బా నిలబెట్టి వెలిగించి నిమిషం మండనిచ్చి, నాబ్ బాగా తగ్గించి, అప్పుడు మెల్లగా తిరగెయ్యి. నాబ్ డబ్బా దగ్గరుంటుంది కాబట్టి నువ్వు తిప్పింది మంటలో కనపడ్డానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆగలేక ఇంకా తిప్పావా, మళ్ళీ లేస్తుంది. గాలికి గొట్టం చల్లారినా టపటప మొదలవుద్ది, రేకు అడ్డం పెట్టు, డబ్బా మాత్రం రేకు బయటే ఉండాలి.

సత్యనారాయణపురం:
అక్క చెప్పింది కరెక్ట్. నీరసం ఎందుకంటే, డబ్బాలో ఒకటికి మించి గ్యాసులు కలిపి ఉంటాయి: బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుద్ది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42. నిలబెట్టి వాడితే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోయి, చలికి లేవనిది అడుగున మిగులుద్ది, పైగా గ్యాస్ లేచేకొద్దీ డబ్బా కూడా చల్లబడిపోతుంది. గుంటూరు ఎండల్లో పెరిగినోళ్ళకి గ్యాస్ లేవకపోవడం అంటే ఏంటో ఎట్లా తెలుస్తుంది! అక్క చెప్పినట్టు చేసినా మంట పసుపుపచ్చగానే ఉంటే జెట్‌లో, అంటే గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రంలో, నలక అడ్డం పడి ఉంటుంది, విప్పి శుభ్రం చేసుకో.

బ్రాడీపేట:
అక్కా, నిన్న అట్లాగే చేశా, నీలం మంట వచ్చింది, టీ కాగింది! కానీ నాబ్ కట్టేశాక కూడా చాలాసేపు మండింది. లీకా?

అరండల్‌పేట అక్క:
లీకు కాదు, పైపులో మిగిలిన ద్రవం. ఈసారి ముందు డబ్బా నిలబెట్టి, మంట చిన్నదయ్యాక నాబ్ కట్టు. టెంటు లోపల మాత్రం వెలిగించకు నాయనా, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పటమట:
ఇండియా వెళ్ళేటప్పుడు ఆ డబ్బా సూట్‌కేసులో పెట్టకు, చెకిన్‌లో కూడా ఒప్పుకోరు.